ఆట అన్న గడిలో

తొమ్మిదిల ఒకేషనల్ ఎంచుకొమ్మన్ననాడు
కంప్యూటర్‌కు ఇరవై రెండు చేతులు లేచినయి,
కుట్టుపనికి మిగిలినయన్నీ.
ఆటలు-ఫిట్‌నెస్‌కు నాదొకటి, రుబీనాదొకటి,
లేటుగ వచ్చి ఎందుకెత్తుతున్నమో తెల్వకుండనే ఎత్తిన
జంపయ్యదొకటి.

"దుంకుడుకు గూడ పరీక్షనా?" అన్నది అమ్మ,
మిర్చి ముచ్చికలు తీసి తీసి మండే వేళ్లను
చల్లనీళ్ల చెంబుల ముంచుకుంట.

సమ్మయ్య సార్‌కు గ్రౌండ్ లేదు.
సైకిల్ షెడ్డు వెనుక నాలుగు సున్నం గీతలు,
రెండు చాపలు, బటన్ పాడైన స్టాప్‌వాచ్.
గోడకు తోలు లేని మనిషి బొమ్మ.
"చపాటా మిర్చి రంగున్నడు" అన్నది రుబీనా.
ఆ మనిషి కండలకు పేర్లుంటయని
అప్పటిదాక నాకు తెల్వదు.
ట్రెపీజియస్ అనేటందుకు వారం దాక నోరు తిరగలె.
మెడ కాడి నుంచి భుజాలకు, నడిమి వీపుకు
పరిచిన పతంగి అది.
బాపుకు ఆ పతంగి మీద కాయ కాసింది.

బరువెత్తేటప్పుడు మోకాళ్లు వంచాలె.
నడుము నిలువుగ ఉండాలె.
బరువు ఒంటికి దగ్గరుండాలె.
తిరగాల్నంటే కాళ్లతోని తిరగాలె, నడుముతోని కాదు.
పదికి పది వచ్చినయి నాకు.

ఆ పొద్దు మాపటికి సద్ది పట్టుకొని
ఎనుమాముల మార్కెట్‌కు పోయిన.
ఘాటుకు తుమ్ముకుంట నిలబడి చూసిన.
బాపు కొక్కెం గుచ్చిండు, గుంజిండు, వీపుకెత్తిండు.
మోకాళ్లు వంచలె.
వంచేటంత టైం లేదు,
వెనుక ఇంకొకాయన బస్తాతోని నిలబడ్డడు.
నెట్టు మీదికి ఏసిన పలక
ఆయన నడుస్తుంటె చిన్నగ ఊగుతున్నది.

నేర్చుకున్నదంత చెప్పిన.
రుమాలుతోని మెడ తుడుసుకుంట నవ్విండు.
"బస్తాకు గూడ చెప్పు బిడ్డా,
జర దగ్గరికి జరుగుమని."

ప్రాక్టికల్ రికార్డుకు ఐదుగురి నాడి రాసుకరావాలె.
పేరు, వయసు, ఆడే ఆట, నిమిషానికి ఎన్ని.
తెల్లారగట్ల, బాపు ఇంక మంచం దిగకముందే
మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టిన.
బొటనవేలు పెట్టొద్దు,
దాని నాడి దానికుంటది, లెక్క కలగాపులగమైతది.
ఫొటో దిగుతున్నట్టు బాపు ఊపిరి బిగవట్టిండు.
"ఇడువు బాపూ, ఊపిరి ఇడువు."
యాభై రెండు.
నమ్మకం కుదరక మళ్ల లెక్కవెట్టిన. యాభై ఒకటి.

జిల్లా కబడ్డీ ఆడే రుబీనా అన్నది అరవై నాలుగు.
జంపయ్యది డెబ్బై ఎనిమిది.
సమ్మయ్య సార్ తనది తనే చూసుకొని
ఎవ్వరికీ చెప్పలె.

"రన్నరా ఈయన?"
"కాదు సార్, హమాలి."
ఆట అన్న గడి ఖాళీగ ఉన్నది.
సార్ పెన్ను మూత తీసిండు,
కొంచెంసేపు పట్టుకున్నడు,
మూత పెట్టి పుస్తకం నా దిక్కు జరిపిండు.
"నువ్వే రాసుకో."

రాత్రంత ఆ గడి నా కంట్లె నలుసు.
పని అని రాస్తె అది ఆట గడి.
ఏం లేదని రాస్తె
యాభై రెండు ఎక్కడి నుంచి వచ్చినట్టు?
నలభై కిలోలు, నూటయాభై మోతలు,
పలక మీద పదకొండు అడుగులు,
దిగేటప్పుడు వట్టి చేతులు.
దీనికి విజిల్ లేదు, సగం ఆట కాంగనే నిమ్మకాయ నీళ్లు లేవు.

బస్తా, అని రాసిన.

హన్మకొండ నుంచి వచ్చిన పరీక్ష మేడం
అద్దాలు పైకి జరిపి అడిగింది:
"బస్తానా? ఏమాట ఇది? ఎంతమంది ఆడతరు?"
"మా వాడలనైతే నలభై ఇండ్లు, మేడం."
ఆమె నవ్వలె, కొట్టివేయనూ లేదు.
పక్కన చిన్నగ టిక్కు పెట్టి
తర్వాతి పేజీ తిప్పింది.

నిన్న నల్లా వచ్చినప్పుడు
వాకిట్ల ఎవ్వరు లేరనుకున్నట్టున్నడు బాపు.
నిండిన బిందె ముందల ఒక్క గడియ ఆగిండు.
అటిటు చూసిండు.
మోకాళ్లు వంచిండు,
బిందెను కడుపుకు ఆనిచ్చుకున్నడు, లేచిండు.

నడుము ఇంక జర వంగింది.
కిటికీ కాడ నిలబడి
పదికి ఆరు ఏసిన.